వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టే బడి

(అమెరికాలో, న్యూజెర్సీ ఎడిసన్‌లో తెలుగు ఆడవాళ్ళం నెలకోసారి కలుసుకుంటాం. అక్కడ మాలో ఒకావిడ మాట్లాడిన మాటలు ఇవి. ఫోన్లో రికార్డ్ చేసి, విని టైప్ చేశాం. మాట్లాడినట్టే ఉంచేశాం.)

అందరికీ నమస్కారం అండీ. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? ఈ మైక్ ఒక్కోసారి దానిష్టం. ఆ, సరే. నాకు అరగంట ఇచ్చారు, తర్వాత టీ ఉంది, కాబట్టి మీరంతా నాకంటే గడియారాన్నే ఎక్కువ చూస్తారని తెలుసు, పర్లేదు.

ముందే చెప్పేస్తున్నా, నేను లాయర్ని కాదు. గుంటూరు జిల్లాలో ఒక కాన్వెంట్లో ఆరేళ్ళు టీచర్‌గా చేశా, ఇక్కడికొచ్చాక పబ్లిక్ స్కూల్లో ఎయిడ్‌గా, అంటే టీచర్‌కి సహాయకురాలిగా చేస్తున్నా, అంతే. కోర్టు తీర్పులు ఆన్‌లైన్లో ఊరికే దొరుకుతాయి, మా ఆయన క్రికెట్ చూసుకునేటప్పుడు నేను అవి చదువుకుంటా, అదో పిచ్చి.

పోయిన నెల ఇక్కడే టీ తాగుతుంటే ఒకావిడ వాళ్ళమ్మాయికి కాథలిక్ స్కూల్లో ఉద్యోగం వచ్చిందని చెప్పింది, అందరం సంతోషించాం, అప్పుడు ఇంకొకావిడ అంది, అక్కడ పెళ్ళి కాకుండా కడుపొస్తే తీసేస్తారంట కదా అని. దానికి మూడో ఆవిడ నవ్వేసి, ఛ ఊరుకోండి, ఇది అమెరికా, ఇక్కడ అలా ఎలా తీసేస్తారు అంది. అదిగో, ఆ మాట మీదే నేను మాట్లాడతానని పేరిచ్చా. ఎందుకంటే తీసేస్తారండీ. తీసేశారు. కోర్టు కూడా తప్పు లేదంది. ఎక్కడో టెక్సాస్‌లో కాదు, ఇక్కడే న్యూజెర్సీలో, మన పార్క్‌వే హైవే మీద 138 ఎగ్జిట్ దగ్గర, కెనిల్‌వర్త్‌లో.

ఆ కేసు చెప్పేముందు నా సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే నేనేదో గట్టు మీద నిలబడి నీతులు చెప్తున్నట్టు ఉంటుంది.

1996లో, నేను చేసిన ఆ కాన్వెంట్లోనే, ఒక హిందీ టీచర్ ఉండేది. పేరు చెప్పను, బడి పేరూ చెప్పను. పెళ్ళి కాలేదు, వాళ్ళ మేనత్త ఇంట్లో ఉండేది. దసరా సెలవుల తర్వాత ఆవిడ మధ్యాహ్నం క్యారియర్ విప్పడం మానేసింది. స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా చేపల కూర తెస్తే లేచి వరండాలోకి వెళ్ళిపోయేది. అంతే, ఇంకేం కావాలి మాకు. పదకొండు మంది ఆడవాళ్ళం, పదకొండు మందిమీ వేళ్ళు మడిచి లెక్కలు మొదలుపెట్టాం. నేనూ పెట్టాను అండీ, అబద్ధం ఎందుకు. సెలవులకి ముందా, సెలవుల్లోనా, ఇప్పుడు ఎన్నో నెల అయ్యుంటుంది అని. క్రిస్మస్ ముందు ఒకరోజు సిస్టర్‌గారు ఆవిడని ఆఫీసులోకి పిలిచారు. మర్నాటి నుంచి రాలేదు. హాజరు పట్టీలో ‘ఆరోగ్య కారణాలు’ అని రాశారు. ఆవిడ హిందీ పీరియడ్లు నాకిచ్చారు, నాకు హిందీ అంతంతమాత్రమే, అయినా మార్చి దాకా నెట్టుకొచ్చా.

ఆ మగమనిషి ఎవరో కూడా ఊళ్ళో అందరికీ తెలుసు. ఇంకో బళ్ళో లెక్కల మాస్టారు. ఆయన రిటైరయ్యేదాకా అదే బళ్ళో చేశాడు. సన్మానం కూడా చేశారని విన్నా.

సరే. కెనిల్‌వర్త్.

సెయింట్ థెరిసా స్కూల్ అని, న్యూవార్క్ ఆర్చ్‌డయోసీస్, అంటే ఒక ఆర్చిబిషప్ చేతికింద ఉండే చర్చిల ప్రాంతం, దాని కింద నడిచే కాథలిక్ స్కూల్. అక్కడ ఒకమ్మాయి 2011 నుంచి పసిపిల్లల గదిలో పనిచేస్తోంది, డైపర్లు మార్చడం, పడుకోబెట్టడం, ఆడించడం, అలాంటివి. చిన్నప్పుడు తనూ అదే స్కూల్లో చదువుకుంది. 2014 జనవరిలో ప్రిన్సిపాల్ పిలిచి, ఫుల్‌టైమ్ ఆర్ట్ టీచర్‌గా చేస్తావా అని అడిగారు. చూడండి, ప్రమోషన్ అన్నమాట. ఆ అమ్మాయి ఏమంది, నేను ప్రెగ్నెంట్‌ని, ఫుల్‌టైమ్ చేయాలంటే జీతం పెంచితే బాగుంటుంది అని నిజాయితీగా చెప్పింది. కొన్ని వారాలకి పిలిచి, నీకు పెళ్ళి కాలేదు, కడుపుతో ఉన్నావు, ఇక్కడ కుదరదు, రాజీనామా చెయ్ అన్నారు. చెయ్యను అంది. తీసేశారు.

అక్కణ్ణుంచి కేసు తొమ్మిదేళ్ళు నడిచింది. తొమ్మిదేళ్ళంటే ఆ కడుపులో బిడ్డ నాలుగో క్లాసుకి వచ్చుంటాడు. కింద కోర్టు స్కూల్ వైపు అంది, అప్పీల్ కోర్టు ఒకసారి కాదు రెండుసార్లు ఆ అమ్మాయి వైపు అంది, చివరికి 2023 ఆగస్టు 14న న్యూజెర్సీ సుప్రీంకోర్టు స్కూల్‌దే రైట్ అంది. ఎందుకంటే న్యూజెర్సీలో వివక్షని ఆపే చట్టం మంచి గట్టిదే, దేశంలోనే పేరున్న చట్టం, కానీ అందులోనే ఒక వాక్యం ఉంది, మత సంస్థలు ఉద్యోగానికి పెట్టే షరతుల్లో తమ మత సిద్ధాంతాలని పాటిస్తే అది చట్టవిరుద్ధం కాదు అని. ఆ అమ్మాయి చేరేటప్పుడు హ్యాండ్‌బుక్ అందిందని, చర్చి బోధనలకి తగ్గట్టు నడుచుకుంటానని సంతకం పెట్టింది. పెళ్ళి కాకుండా కలవడం పాపమని ఆ చర్చి చెప్తుంది. అందుకని తీసేశారు, అది మతాన్ని పాటించడమే, అయిపోయింది కేసు.

వినడానికి సూటిగానే ఉంది కదా. నేనూ మొదట చదివి, సరేలే సంతకం పెట్టింది కదా అనుకున్నా. కానీ కింద అప్పీల్ కోర్టు జడ్జిలు రాసింది చదివాక నాకు ఆ హిందీ టీచర్ గుర్తొచ్చింది. వాళ్ళు అడిగింది ఏంటంటే, రూల్ పెళ్ళికి ముందు సంబంధం పెట్టుకోకూడదు అని కదా, కడుపు రాకూడదు అని కాదు కదా. మరి ఆ రూల్ ఇంకెవరైనా తప్పారేమో అని ప్రిన్సిపాల్ ఎప్పుడైనా కనుక్కున్నారా? స్కూల్లో పనిచేసే మగవాళ్ళని అడిగారా? లేదు. ఈ అమ్మాయి సంగతి ఎలా తెలిసింది? కడుపు వల్ల తెలిసింది. కడుపు ఒక్కటే సాక్ష్యం అయితే, ఆ సాక్ష్యం మోసేది ఆడది ఒక్కతే అయితే, అది ఎవరి మీద పెట్టిన రూల్ అవుతుంది?

నాకు ఈ విషయంలో ఉన్న ప్రశ్న అదొక్కటేనండీ, మీకెలా తెలిసింది? ఏ కేసు చదివినా నేను ముందు అదే వెతుక్కుంటా.

ఒహాయోలో నార్వాక్ అనే ఊళ్ళో, టొలీడో డయోసీస్ కింద, ఒక టీచర్‌కి 1996 ఫిబ్రవరిలో పెళ్ళయింది. పెళ్ళయిందండీ, శుభ్రంగా. కానీ పెళ్ళయిన కొన్నాళ్ళకే కడుపు కనపడింది. ప్రిన్సిపాల్, అక్కడి ఫాదర్ కలిసి పెళ్ళి తారీఖు నుంచి లెక్క కట్టుకున్నారు. లెక్క కుదరలేదు. ఆ బడి ఏడాది అయ్యాక కాంట్రాక్ట్ రెన్యూ చెయ్యలేదు. ఇది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే మన ఊళ్ళల్లో ఏడోనెల పిల్లలు ఎంతమంది ఉండేవాళ్ళో గుర్తుందా? మొదటి కాన్పు ఏడోనెలే, పిల్లాడు మాత్రం నాలుగు కేజీలు. మన అమ్మమ్మలు పైకి ‘అవునవును ఏడోనెలే’ అనేసి పురిటి స్నానం చేయించేవాళ్ళు, ఆ మాత్రం దయ ఉండేది. ఆ టీచర్ కేసులో 2000 సంవత్సరంలో ఫెడరల్ అప్పీల్ కోర్టు చెప్పింది, ఇది జ్యూరీ ముందుకి వెళ్ళాల్సిందే, కేవలం కడుపు చూసి మాత్రమే రూల్ తప్పినవాళ్ళని పట్టుకునేట్టయితే అది ఆడవాళ్ళ మీద వివక్షే అని.

ఫ్లోరిడాలో ఇంకా వింత. సెయింట్ క్లౌడ్ అనే ఊళ్ళో సౌత్‌లాండ్ క్రిస్టియన్ స్కూల్. ఫోర్త్ గ్రేడ్ టీచర్, ఆవిడకీ పెళ్ళయింది. 2009లో మెటర్నిటీ లీవ్ అడగడానికి వెళ్తే, ఎప్పుడు నెల తప్పింది, పెళ్ళికి ముందా అని అడిగారు. ఆవిడ దాచలేదు, మూడు వారాల ముందు అని చెప్పింది. మూడు వారాలు! తీసేశారు. 2012లో అప్పీల్ కోర్టు దాన్ని కూడా జ్యూరీకి పంపింది, ఎందుకంటే ఆ స్కూల్ ఆయన మాటలు చూస్తే పెళ్ళికి ముందు పాపం కంటే, ఏడాది మొదట్లోనే లీవ్ పెడితే సబ్‌స్టిట్యూట్ ఎలా అన్న బాధే ఎక్కువ కనపడుతోందని. పాపం పేరు పెట్టి లీవ్ మిగుల్చుకున్నారా అన్న అనుమానం అన్నమాట.

మనం నెల తప్పింది అంటాం, చూశారా. తప్పు అన్న మాట అందులోనే ఉంది. భాష కట్టినవాళ్ళు ఏ ఉద్దేశంతో అన్నారో గానీ, ఈ స్కూళ్ళు మాత్రం ఆ మాటని అక్షరాలా పట్టుకున్నాయి.

మోంటానాలో బ్యూట్ అనే ఊళ్ళో ఇంకొకలాగా తెలిసింది. ఆకాశరామన్న ఉత్తరం. ఎవరో పేరు లేకుండా డయోసీస్‌కి ఉత్తరం రాశారు, మీ కాథలిక్ మిడిల్ స్కూల్ టీచర్ పెళ్ళి కాకుండా కడుపుతో ఉంది అని. 2014 జనవరిలో ఆవిడని తీసేశారు. ఆ ఉత్తరం రాసినవాళ్ళకి ఏ రూలూ లేదు, ఏ హ్యాండ్‌బుక్కూ లేదు.

కాలిఫోర్నియాలో శాన్‌డియాగో క్రిస్టియన్ కాలేజీ సంగతి చెప్తే మీరు నమ్మరు. అక్కడ ఆఫీసులో పనిచేసే అమ్మాయి 2012లో కడుపుతో ఉందని తీసేశారు. ఆవిడ వేసిన దావాలో ఏముందంటే, తీసేసిన తర్వాత ఆ బిడ్డ తండ్రి, అంటే ఆవిడని చేసుకోబోయే అతనికి, సంగతంతా తెలిసే అదే కాలేజీ ఉద్యోగం ఇస్తామందని. చివరికి కోర్టు బయట రాజీ అయింది. నేను ఇది మా ఆయనకి చదివి వినిపిస్తే, ఆయన మ్యాచ్ పాజ్ చేసి మరీ ‘మళ్ళీ చదువు’ అన్నాడు. పాజ్ చేశాడంటే మీరు అర్థం చేసుకోండి.

ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. స్కూళ్ళ వాదన తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. మేము ఊరికే లెక్కలు సైన్సు చెప్పే బడి కాదు, మా నమ్మకాల ప్రకారం పిల్లల్ని పెంచే బడి, తల్లిదండ్రులు పబ్లిక్ స్కూల్ ఫ్రీగా ఉన్నా వదిలేసి ఇక్కడికి ఫీజు కట్టి పంపేది దానికోసమే, టీచర్ బతుకు ఒకలాగా పాఠం ఇంకోలాగా ఉంటే పిల్లలు ఏది నేర్చుకోవాలి అంటారు. మన బ్రిడ్జ్‌వాటర్ గుళ్ళో పొద్దున అభిషేకం చేసే అర్చకుడుగారు సాయంత్రం బార్లో కనపడితే మనలో ఎంతమంది ఊరుకుంటాం? నేనైతే ఊరుకోను. గవర్నమెంట్ వచ్చి ఫలానా ఆయన్నే అర్చకుడిగా పెట్టుకోండి అంటే అసలే ఊరుకోను. 2012లో అమెరికా సుప్రీంకోర్టు అందరు జడ్జిలూ ఒకే మాట మీద చెప్పింది అదే, మతబోధకుల్ని పెట్టుకోవడం తీసెయ్యడం చర్చి ఇష్టం, కోర్టు వేలు పెట్టదు. 2020లో దాన్ని కాలిఫోర్నియాలో ఇద్దరు మామూలు క్లాస్ టీచర్లకి కూడా వర్తింపజేసింది, వాళ్ళు క్లాసులో మతం పాఠం చెప్తారు, పిల్లలతో ప్రార్థన చేయిస్తారు కాబట్టి. ఆ ఇద్దరివీ కడుపు కేసులు కావు, ఒకావిడది వయసు గురించి, ఒకావిడది క్యాన్సర్ గురించి. క్యాన్సర్ వచ్చిందని తీసేశారంటే దానికే కోర్టు తలుపు మూసుకుంది, ఇక కడుపెంత చెప్పండి.

కాబట్టి బడికి రూల్ పెట్టుకునే హక్కు లేదు అని నేను అనను. ఉంది. నాకు నచ్చకపోయినా ఉంది. కానీ రూల్ పెట్టుకున్నవాళ్ళకి దాన్ని అందరి మీదా ఒకేలా పెట్టే బాధ్యత కూడా ఉంటుంది కదా. టెన్నెసీలో మెంఫిస్‌లో హార్డింగ్ అకాడమీ అని ఒక స్కూల్ ఉంది, 1996లో అదీ ఇలాంటి కేసే, పెళ్ళికాని ప్రీస్కూల్ టీచర్ కడుపుతో ఉంటే తీసేశారు. స్కూలే గెలిచింది. ఎందుకు గెలిచిందంటే, మేము కడుపుతో సంబంధం లేకుండా మగవాళ్ళనీ ఆడవాళ్ళనీ ఇద్దర్నీ ఇదే కారణం మీద తీసేశాం అని చూపించగలిగింది. చూడండి, ఆ స్కూల్ నాకు ఇష్టం లేదు, కానీ దాని మీద నాకు కొంచెం గౌరవం ఉంది. మగవాళ్ళ సంగతి కనుక్కోవడానికి వాళ్ళు ఏదో కష్టపడ్డారన్నమాట. మిగతావాళ్ళు ఆ మాత్రం కష్టం కూడా పడలేదు, ఎదురుగా పెరుగుతున్న పొట్టని చూశారు, అంతే.

టీచర్లే కాదు, పిల్లల మీద కూడా. 2017లో మేరీల్యాండ్ హేగర్స్‌టౌన్‌లో హెరిటేజ్ అకాడమీ అనే క్రిస్టియన్ స్కూల్లో, పన్నెండో తరగతి అమ్మాయి, అన్నిట్లో ఏ గ్రేడ్లే, స్టూడెంట్ కౌన్సిల్ ప్రెసిడెంట్. కడుపుతో ఉందని తేలింది. ఆ పదవి తీసేశారు, రెండ్రోజులు సస్పెండ్ చేశారు, చివరికి డిప్లొమా ఇస్తాం గానీ మిగతా పిల్లలతో పాటు గ్రాడ్యుయేషన్ స్టేజ్ ఎక్కనివ్వం అన్నారు. ఇక్కడ ఆ అమ్మాయికి అండగా వచ్చింది ఎవరో తెలుసా? ఫెమినిస్టులు కాదు ముందు, అబార్షన్‌కి వ్యతిరేకంగా పోరాడే సంస్థలు. వాళ్ళ మాట నాకు బాగా నచ్చింది, నేను వాళ్ళతో చాలా విషయాల్లో ఏకీభవించను అయినా సరే. ఈ అమ్మాయి గుట్టుగా క్లినిక్‌కి వెళ్ళి వచ్చుంటే మీకు తెలిసేదే కాదు, టోపీ గౌను వేసుకుని ముందు వరసలో నడిచేది, మీరు చప్పట్లు కొట్టేవాళ్ళు; మీరు చెప్పిన మాట విని బిడ్డని ఉంచుకుంది, అందుకు శిక్ష వేస్తున్నారు అని. ఇది ఏ కోర్టు తీర్పులోనూ ఇంత సూటిగా లేదు. టీచర్ల విషయంలో కూడా అంతే కదా. ఆర్ట్ టీచర్‌కైనా, హిందీ టీచర్‌కైనా, ఉద్యోగం నిలబెట్టుకోవాలంటే ఒక్కటే దారి మిగిలింది, ఆ బడి దేన్నైతే అన్నిటికంటే పెద్ద పాపం అంటుందో ఆ దారి. ఇక్కడ ఉద్యోగం పోతే చాలామందికి హెల్త్ ఇన్సూరెన్స్ కూడా పోతుంది, అదీ కాన్పు ముందు. ఇందులో హెచ్‌వన్ వీసా మీద ఉన్న మనమ్మాయి అయితే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజుల లెక్క కూడా మొదలవుతుంది, అది మీకు నేను చెప్పక్కర్లేదు.

పాత కాలం సంగతి ఒకటి చెప్తా, ఐర్లండ్‌ది. న్యూ రాస్ అని చిన్న ఊరు. అక్కడ కాన్వెంట్ స్కూల్లో ఐలీన్ ఫ్లిన్ అని టీచర్ ఉండేది. ఒకతనితో కలిసి ఉండేది, అతనికి పెళ్ళయింది, భార్యతో విడిపోయాడు, కానీ విడాకులు తీసుకోవడానికి ఆ దేశంలో అప్పటికి విడాకులే లేవు, రాజ్యాంగంలోనే నిషేధం, 1995 రెఫరెండం దాకా. అంటే వాళ్ళు పెళ్ళి చేసుకుందామన్నా దారి లేదు. 1982లో బిడ్డ పుట్టాడు, ఉద్యోగం పోయింది. ట్రిబ్యునల్‌కి వెళ్ళింది, ఓడిపోయింది. పై కోర్టు, ఓడిపోయింది. 1985లో హైకోర్టు, అక్కడా ఓడిపోయింది. మీరు గమనించండి, ఐర్లండ్‌లో అప్పటికే 1977 చట్టం ఉంది, గర్భవతి అని ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదని. కోర్టు ఏమందంటే, ఆవిణ్ణి కడుపు వల్ల తీసెయ్యలేదు, ఊరందరికీ తెలిసేలా ఆ మనిషితో ఉంటోంది కాబట్టి తీసేశారు అంది. ఆ జీతం ఇచ్చేది చర్చి కూడా కాదు, గవర్నమెంటు. కెనిల్‌వర్త్ తీర్పుకి దీనికి మధ్య ముప్పై ఎనిమిదేళ్ళు, ఒక సముద్రం. కడుపు వల్ల కాదు నడత వల్ల అనే మాట మాత్రం అదే మాట, చీర మార్చుకోకుండా వచ్చింది.

ఆ దేశమే తర్వాత తన లెక్కలు తను తీసింది. పెళ్ళికాని తల్లుల్ని పెట్టిన హోముల మీద కమిషన్ వేసి 2021 జనవరిలో రిపోర్ట్ ఇచ్చింది. పద్దెనిమిది హోములు, యాభై ఆరు వేల మంది తల్లులు, సుమారు తొమ్మిది వేల మంది పిల్లలు చనిపోయారు. ప్రధానమంత్రి పార్లమెంట్‌లో నిలబడి దేశం తరఫున క్షమాపణ చెప్పాడు. ఐలీన్ ఫ్లిన్ 2008లోనే పోయింది, అది వినలేదు.

మన దగ్గర సంగతేంటి అని మీరు అడగబోతున్నారు, చెయ్యెత్తారు ఒకరు, చూశాను, ఉండండి వస్తున్నా.

మన పాతకాలపు మత పాఠశాల, అంటే గురుకులమే కదా, అందులో ఒక అడ్మిషన్ కథ ఉంది. ఛాందోగ్యోపనిషత్తులో. సత్యకాముడని పిల్లాడు, చదువుకోవాలని వాళ్ళమ్మ జాబాలని అడుగుతాడు, అమ్మా మన గోత్రం ఏంటి, గురువుగారు అడుగుతారు అని. ఆవిడ అంటుంది, నాయనా, నేను వయసులో చాలాచోట్ల పనులు చేస్తూ తిరిగే రోజుల్లో నువ్వు పుట్టావు, నీ గోత్రం ఏదో నాకు తెలీదు, నా పేరు జాబాల, నీ పేరు సత్యకాముడు, సత్యకామ జాబాలుడినని చెప్పుకో అని. అంటే తండ్రి పేరు గడిలో తల్లి పేరు. ఆ పిల్లాడు గౌతముడి దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. గురువుగారు చేర్చుకున్నారు. దీన్ని చెప్పి మన సంప్రదాయం ఎంత గొప్పదో చూడండి అని చాలామంది అక్కడితో ఆపేస్తారు. నేను ఆపను, ఎందుకంటే చేర్చుకుంటూ ఆయన ఏమన్నాడు? ఇంత నిజం చెప్పావంటే నువ్వు బ్రాహ్మణుడివే అయ్యుంటావు అన్నాడు. రూల్ తియ్యలేదు, పిల్లాణ్ణి రూల్లోకి ఇరికించాడు. తర్వాత కొందరు వ్యాఖ్యాతలు ఇంకో అడుగు వేసి, ఆవిడ అత్తింట్లో అతిథి మర్యాదల పనిలో పడి గోత్రం అడగడం మర్చిపోయింది అంతే అని సర్దేశారు. ఏడోనెల పిల్లాడు అన్నట్టే అన్నమాట. అయినా గురువు తలుపు తీశాడు, అది తీసెయ్యను.

కర్ణుడికి ఆ తలుపు కూడా తియ్యలేదు. విలువిద్య చూపించడానికి వస్తే కృపాచార్యుడు లేచి నీ తల్లిదండ్రులెవరు, నీ వంశమేంటి అన్నాడు. పైన ఆడవాళ్ళ గ్యాలరీలో కుంతి స్పృహ తప్పి పడిపోయింది. సూర్యుణ్ణి ఎవరూ పిలిచి అడగలేదు.

ఈ కాలంలో, 2015 జులై 6న మన సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఆ తల్లి క్రిస్టియనే, పెళ్ళి కాలేదు, చదువుకుంది, సంపాదించుకుంటోంది, కొడుకుని తనే పెంచింది. సేవింగ్స్‌లో వాడిని నామినీగా పెడదామంటే తండ్రి పేరు చెప్పు, లేకపోతే గార్డియన్ సర్టిఫికెట్ తే అన్నారు. కోర్టుకి వెళ్తే తండ్రికి నోటీస్ ఇవ్వాలి పేరు చెప్పు అన్నారు, ఢిల్లీ హైకోర్టు కూడా అదే అంది. సుప్రీంకోర్టు చెప్పింది, అక్కర్లేదు, బిడ్డని పట్టించుకోని మనిషికి నోటీస్ ఎందుకు, తల్లి ఒక్కతే గార్డియన్ అవ్వొచ్చు, పెళ్ళికాని తల్లి బర్త్ సర్టిఫికెట్ అడిగితే అఫిడవిట్ తీసుకుని ఇచ్చెయ్యండి అని. కేసులో ఆవిడ పేరు కూడా రాయలేదు, ఏ బీ సీ అని పెట్టారు. ఇక మన మెటర్నిటీ బెనిఫిట్ చట్టం 1961ది, అందులో స్త్రీ అనే ఉండేది, భార్య అని ఉండేది కాదు. 2017లో ఇరవై ఆరు వారాలు చేశారు. పెళ్ళి కార్డు చూపించమని ఆ చట్టంలో ఎక్కడా ఉండేది కాదు. మా హిందీ టీచర్ రోజులకి ఆ తీర్పు ఇంకా రాలేదు, ఉన్న ఆ 1961 చట్టం ఆవిడకి తెలీదు, నాకూ తెలీదు, తెలిసినా స్టాఫ్‌రూమ్‌లో ఎవరు నోరెత్తేవాళ్ళం.

ఇంకో మాట, పుణేలో సావిత్రీబాయి, జ్యోతిబా ఫూలే 1863లో ఒక ఇల్లు తెరిచారు, కడుపుతో ఉన్న విధవలు వచ్చి గుట్టుగా కనొచ్చు, బిడ్డని చంపక్కర్లేదు, కావాలంటే వదిలి వెళ్ళొచ్చు అని. అలా పుట్టిన ఒక పిల్లాణ్ణి వాళ్ళే పెంచుకుని డాక్టర్‌ని చేశారు. ఆవిడ కూడా బడి టీచరే, మనందరికంటే ముందు టీచర్.

సరే, టైమ్ అయిపోతోంది, ప్రశ్నలు. ఆ, చెప్పండి. మా అమ్మాయి సంతకం పెట్టాలా వద్దా అంటున్నారు. పెట్టమనండి, ఉద్యోగం కావాలి కదా, కానీ చదివి పెట్టమనండి. హ్యాండ్‌బుక్, కోడ్ ఆఫ్ ఎథిక్స్ అని ఏదిచ్చినా ఒక కాపీ ఇంట్లో ఉంచుకోవాలి. అందులో ‘చర్చి బోధనలకి అనుగుణంగా’ అన్న లైన్ ఉంటే, అది ఆదివారం చర్చికి రమ్మనడం గురించి మాత్రమే కాదు అని తెలియాలి. న్యూజెర్సీలో 2023 తర్వాత ఆ లైన్‌కి చాలా బరువుంది. ఏదైనా జరిగితే మాటల్లో వదిలెయ్యకుండా కారణం రాతపూర్వకంగా అడగాలి, రోజులు లెక్కపెట్టుకోవాలి, స్టేట్ సివిల్ రైట్స్ డివిజన్‌కి నూట ఎనభై రోజులు, ఫెడరల్ ఈఈఓసీకి, అంటే ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు తీసుకునే కేంద్ర సంస్థకి, ఇక్కడైతే మూడొందల రోజులు. అది దాటితే ఎంత మంచి కేసైనా కష్టం. వెంటనే లాయర్‌ని చూడాలి, నాలాంటి దాన్ని కాదు.

ఇంకోటి? హిందూ స్కూళ్ళు, ఇస్లామిక్ స్కూళ్ళు అయితే? ఇదే చట్టం, ఇదే మినహాయింపు, మతం ఏదైనా. రేపు మన గుడి వాళ్ళు ఫుల్‌టైమ్ స్కూల్ పెడితే మన కమిటీ ఏం రూల్ రాస్తుందో, ఎవరి మీద రాస్తుందో, మీరే ఊహించుకోండి, కమిటీ మెంబర్లు కొందరు ఇక్కడే ఉన్నారు, నేను చూడట్లేదు అటు.

ఏంటమ్మా? ఆ హిందీ టీచర్ ఏమైందా?

2009లో ఇండియా వెళ్ళినప్పుడు తెనాలి స్టేషన్లో కనపడింది. నేను చూసి కూడా పలకరించాలా వద్దా అని నిలబడ్డా, ఆవిడే వచ్చింది. ట్యూషన్లు చెప్పుకుంటున్నాను, హిందీ ప్రచార సభ పరీక్షలకి పిల్లల్ని తయారు చేస్తాను అంది. బాగానే ఉంది మనిషి. పక్కన ఒక కుర్రాడు, పొడుగ్గా, చేతిలో సమోసా పొట్లం. మా అబ్బాయి, ఏడో క్లాసు అంది. నేను అప్పటికే వాడి వయసు లెక్క కట్టేశాను అండీ, బ్యాగ్ పట్టుకున్న చేతి వేళ్ళ మీదే. ఆవిడ నా చేతివంక చూసింది. ఏమీ అనలేదు, రైలొచ్చింది, ఎక్కి వెళ్ళిపోయారు.

సరే, టీ చల్లారిపోతోంది.